రంగూన్ ఆవిరి బుట్టలు

మా మావయ్యగారికి బందరులో రెండు పేర్లుండేవి. గుడిలో జకరయ్యగారు, గుడి బయట రంగూన్ జకరయ్య. రెండో పేరు పెట్టిన పుణ్యం మా అత్తయ్యగారి తమ్ముడు గంగరాజు బాబాయిది.

గంగరాజు బాబాయిది నాగాయలంక. శనివారం సాయంత్రం బస్సులో తాటాకు బుట్టనిండా రొయ్యలు పట్టుకుని వచ్చేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంగ్లీషుపాలెంలో మా ఇంట్లో అందరం చాపల మీద కూర్చుని భోజనం చేసేవాళ్ళం. రొయ్యల కూర వడ్డించడమే తరువాయి, మావయ్యగారు మొదలుపెట్టేవారు.

"రొయ్యంటే రంగూన్‌లో తినాలోయ్, గంగరాజూ! నేను పనిచేసిన మిల్లు ఎదురుగా చీనావాడి టీ కొట్టు. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటే చాలు, ఇంతింత వెదురు బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి బల్లల మధ్య తిప్పుతూ ఉంటారు. మనకి కావలసినదాన్ని వేలు పెట్టి చూపించడమే. మూత తీస్తే గుప్పున ఆవిరి. లోపల చిన్న చిన్న కుడుములు. పైతోలు ఎంత పల్చన అంటే, లోపలున్న రొయ్య ఎర్రగా బయటికి కనపడిపోతుంది!"

"బావా, ఇన్నేళ్ళుగా తింటున్నాను, లోపలిది బయటికి కనపడే కుడుము నేనెక్కడా చూళ్ళేదు" అనేవాడు గంగరాజు బాబాయి. "దివిసీమలో పిండి తెల్లగా ఉంటుంది మరి. రంగూన్‌లో పిండికి కూడా కళ్ళజోడు పెడతారేమో!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. మావయ్యగారూ నవ్వేవారు గానీ, ఆ నవ్వు మధ్యలోనే అత్తయ్యగారి వైపు తిరిగేవారు. "మార్తా, నువ్వు చెప్పవే. నువ్వూ తిన్నావుగా."

మా అత్తయ్యగారు మార్తమ్మగారు ఠక్కున లేచి, ఖాళీ అయినా కాకపోయినా చేతికందిన గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ప్రతిసారీ అంతే.

నాకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తల్లో నేనూ అందరిలాగే మావయ్యగారు కోతలు కోస్తున్నారనుకున్నాను. తరవాత్తరవాత అనిపించింది, కోతలు కోసేవాడు ప్రతిసారీ పెళ్ళాన్ని సాక్ష్యానికి పిలుస్తాడా? ఆవిడ ఒక్క మాట అంటే ఏం పోయింది? అవునంటే సరిపోయేది. పోనీ కాదన్నా సరిపోయేది. మొగుడు అందరిలో పలచనైపోతుంటే చూస్తూ గిన్నెలెత్తుకుపోవడం ఏం మర్యాద? వంటింట్లో ఆవిడ పక్కనే నిలబడి ఈ మాటలన్నీ నోటిదాకా తెచ్చుకుని, మళ్ళీ మింగేసేదాన్ని.

మావారు ప్రకాశరావుని అడిగితే ఆయనకీ ఏమీ తెలియదు. పసితనంలోనే ఆయన్ని నాయనమ్మ దగ్గర వదిలి వాళ్ళిద్దరూ రంగూన్ వెళ్ళారు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు, వేలమందితో పాటు కొండలూ అడవులూ పట్టి నడిచి వెనక్కి వచ్చారు. "అక్కడ నాకో తమ్ముడు పుట్టాట్ట. దారిలో పోయాట్ట. నేను చూళ్ళేదు" అని, మావారు ఆ మూడు ముక్కలూ చెప్పి ఊరుకున్నారు. ఇంట్లో వాడి ఫొటో లేదు, పేరెత్తేవాళ్ళూ లేరు.

యాభైతొమ్మిది వేసవిలో అత్తయ్యగారికి మిగిలిన పళ్ళన్నీ పీకించాల్సి వచ్చింది. కట్టుడు పళ్ళంటే మద్రాసులో చీనా డాక్టర్లు కట్టాల్సిందేనని ఎవరో చెప్పారు. మావారికి సెలవు దొరకలేదు. బళ్ళకి సెలవులు కాబట్టి పంతులమ్మనైన నేను తోడు బయల్దేరాను.

చీనా అన్న మాట వినగానే మావయ్యగారికి ప్రాణం లేచి వచ్చింది. "పళ్ళు కట్టే చీనావాళ్ళున్నారంటే, ఆ పళ్ళకి పని చెప్పే చీనావాళ్ళు కూడా ఉండాలిగా, అమ్మాయ్!" అన్నారు. బందరు స్టేషన్లో రైలెక్కింది మొదలు పక్కవాళ్ళకి బుట్టల కథ వినిపిస్తూనే ఉన్నారు. గుడివాడలో ఇడ్లీ కొన్నాం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవిరి మీదే ఉడికింది పాపం, కానీ మనసులో ఏమీ లేదు" అన్నారు. అత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మద్రాసులో పెరంబూరులో మా పిన్ని ఇంట్లో దిగాం. డాక్టరు కొలతలు తీసుకుని నాలుగు రోజులాగి రమ్మన్నాడు. ఇక ఆ నాలుగు రోజులూ నేనూ మావయ్యగారూ చీనా హోటళ్ళ వేటలో పడ్డాం. అత్తయ్యగారిని రమ్మంటే, "పళ్ళు లేనిదాన్ని, నేనొచ్చి ఏం తింటాను?" అని బోసినోటితో చెప్పి మా పిన్నితో కూరలు తరగడానికి కూర్చున్నారు.

మావయ్యగారికి కొన్ని గుర్తులున్నాయి. మంచి కొట్టయితే వాకిట్లోనే ఆవిరి కనపడాలి. పొద్దున్నే చీనా ముసలాళ్ళు పేపర్లు చదువుకుంటూ కూర్చుని ఉండాలి. ఎవరూ ఎవర్నీ లెమ్మనకూడదు. మధ్యాహ్నం తెరిచే కొట్టయితే అసలు లోపలికే వెళ్ళకూడదు.

మౌంటురోడ్డులో ఒక హోటలుంది. ఎర్ర కాగితపు దీపాలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, నెత్తిన పాగా చుట్టుకున్న బేరరు. మధ్యాహ్నం కానీ తెరవలేదు. మావయ్యగారు తన గుర్తులు తనే మరిచిపోయి లోపలికి వెళ్ళి, చేతులతో గుండ్రంగా చూపించి బుట్ట కావాలన్నారు. బేరరు ఎంతో వినయంగా బుట్టలో రొట్టెముక్కలు పెట్టి తెచ్చాడు. వాటితో పాటు దారపు ఉండ విప్పినట్టు ఏదో సేమ్యా కూడా వచ్చింది. నేను శుభ్రంగా తిన్నాను. నాకు బాగానే ఉంది. మావయ్యగారు మాత్రం రొట్టె బుట్ట ఖాళీ చేసి, దాని అల్లిక చూసి, "ఇది మేదర బుట్ట, మన పెడనలో కూడా దొరుకుతుంది" అన్నారు.

మర్నాడు హార్బరు వైపు వెళ్ళాం. చీనా అక్షరాల బోర్డు చూసి మావయ్యగారు గబగబా మెట్లెక్కేశారు. లోపల అన్నీ బూట్లు. ఆ మర్నాడు ఇంకో బోర్డు వెంట వెళితే అది చాకలి షాపు. అక్కడ ఆవిరైతే బోలెడంత ఉంది, ఇస్త్రీ పెట్టెల్లోంచి! నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మావయ్యగారు నవ్వలేదు. ఎండలో పేవ్‌మెంటు మీద నిలబడి, కండువాతో మొహం తుడుచుకుని, "ఒకవేళ నిజంగా లేవేమోనమ్మా" అన్నారు.

"ఇక్కడ లేకపోతే లేవు. రంగూన్‌లో ఉన్నాయిగా" అన్నాను.

"ఉన్నాయంటావా? మీ అత్తయ్య ఉన్నాయనడం మానేసింది. అక్కడేమీ లేదన్నట్టే ఉంటుంది తను. ఒక్కణ్ణే ఎన్నాళ్ళు చెప్పను? చెప్పి చెప్పి, ఇదంతా నేనే కల్పించానేమోనని ఈమధ్య నాకే అనుమానం వస్తోంది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అత్తయ్యగారిని నిలదీద్దామనుకున్నాను. వెళ్ళేసరికి ఆవిడ పిన్ని మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొడుతున్నారు. ఆ ఒళ్ళో బిడ్డని చూశాక, అడగడం మానేసి కత్తిపీట ముందు కూర్చున్నాను.

డాక్టరు రమ్మన్న రోజు పొద్దున్నే వెళ్ళాం. ముందుగదిలో కుర్చీ, వెనక ఇల్లు. డాక్టరు బక్కపల్చటి మనిషి, తమిళం గడగడా మాట్లాడతాడు, తెలుగు ముక్కలు కూడా వచ్చు. అత్తయ్యగారికి పళ్ళు అమర్చి అద్దం చేతికిచ్చాడు. ఈలోగా వెనకింటి గుమ్మంలోకి ఒక ముసలావిడ వచ్చి నిలబడింది, డాక్టరు తల్లిట. నల్ల పైజామా, ముడి వేసిన తెల్లజుట్టు. మావయ్యగారు లేచి రెండు చేతులూ జోడించి, "ఏం కూరండీ ఇవాళ?" అన్నారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మన ఊళ్ళో అయితే గోడ అవతలి నుంచి అది ఎవర్ని ఎవరడిగినా చెల్లుతుంది. జవాబు వంకాయా బెండకాయా అని ఎవరికీ అక్కర్లేదు, పలకరింపు అంతే. మద్రాసు మహాపట్నంలో ఒక చీనా ఆవిణ్ణి పట్టుకుని ఏం కూరండీ ఏమిటి! నేను తమిళంలో క్షమాపణ చెప్పబోతుంటే డాక్టరు పెద్దగా నవ్వి, ఆ మాట తల్లికి చెప్పాడు. ఆవిడా నవ్వేసింది.

"మాలో కూడా ఇంతే. మనిషి కనపడగానే తిన్నారా అని అడుగుతాం" అన్నాడు డాక్టరు. "ఎన్నో ఏళ్ళుగా ఇక్కడున్నాం. వచ్చినవాళ్ళందరూ పళ్ళ గురించే మాట్లాడతారు. మా అమ్మని ఆ మాట అడిగింది మీరే. రండి, కొత్త పళ్ళతో ముందు మెత్తటివే తినాలి."

లోపల గుండ్రటి బల్ల. ఆవిడ పొయ్యి మీంచి దింపి తెచ్చి మా ముందు పెట్టింది. వెదురు బుట్ట. మూత తీస్తే గుప్పున ఆవిరి వచ్చింది. ఆవిరి తేలిపోయాక చూస్తే మూడు చిన్న కుడుములు, అంచులు కుచ్చిళ్ళలా మడిచినవి. పల్చటి తోలులోంచి రొయ్య ఎర్రగా కనపడుతోంది.

మావయ్యగారు ఇది, ఇది అని నాకు చూపిస్తున్నారు. అత్తయ్యగారు బుట్ట వైపు చూడలేదు. ముసలావిడ అందరికీ టీ వంచింది. టీపాట్ ఖాళీ అయింది. అప్పుడు అత్తయ్యగారు ఎవరూ చెప్పకుండానే దాని మూత తీసి, మూతి మీద ఏటవాలుగా ఆనించి పెట్టారు.

ముసలావిడ అది చూసి, నవ్వుతూ వచ్చి, పాట్‌లో వేడినీళ్ళు నింపింది. టీ అయిపోయిందంటే మూత అలా పెడతారుట, చీనా టీ కొట్లలో అదే అడిగే పద్ధతిట. డాక్టరు ఆశ్చర్యపోయి, "ఇది మీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు.

"యోనా" అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారు చేతిలో కప్పు బల్ల మీద పెట్టేశారు.

"మా చిన్నవాడు. మూత పెట్టే పని వాడిదే. ఇంకెవరైనా పెడితే ఏడ్చి గోల చేసేవాడు." అత్తయ్యగారు మాట్లాడుతుంటే కొత్త పళ్ళు టకటకమంటున్నాయి. "లోపలి రొయ్య వాడు తినేసేవాడు, పైతోలు తెచ్చి నాన్న పళ్ళెంలో పెట్టేవాడు. ఏమండీ, మీకు తోలు తప్ప రొయ్య ఎప్పుడైనా దొరికిందా?"

"లేదే" అన్నారు మావయ్యగారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మీరు ఆ బుట్టల మాటెత్తినప్పుడల్లా నాకు వాడి చేతులు కనపడతాయండీ. అందుకే వినలేక లేచిపోతాను."

"నాకూ కనపడతాయే, మార్తా. అందుకే ఎత్తుతాను."

నేను తల వంచుకుని టీ తాగాను. ఇన్నాళ్ళూ వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి పళ్ళు కొరుక్కున్నది నేనే. ఆ గిన్నెలో ఆవిడ ఏం మోసుకుపోయేవారో నాకేం తెలుసు?

బందరు వచ్చాక మొదటి ఆదివారం. గంగరాజు బాబాయి రొయ్యలు తెచ్చాడు. అత్తయ్యగారు కూర వండనివ్వలేదు. బియ్యప్పిండి ఉడికించి, మెత్తగా పిసికి, అప్పడంలా ఒత్తి, రొయ్యా అల్లం ఉల్లికాడా లోపల పెట్టి మడిచారు. మాకు వెదురు బుట్టలెక్కడివి? కుండ మూతికి గుడ్డ కట్టి దాని మీద ఉడికించాం. సగం చిరిగిపోయాయి, మిగతావి మందంగా వచ్చాయి. లోపలి రొయ్య బయటికి కనపడలేదు.

అందరూ కూర్చున్నారు. మావయ్యగారు ప్రార్థన చేశారు. గంగరాజు బాబాయి కళ్ళు తెరుస్తూనే అందుకున్నాడు. "ఏం బావా, దొరికాయా మద్రాసులో నీ రంగూన్ బుట్టలు?"

మావయ్యగారు అత్తయ్యగారి వైపు తిరిగారు. అత్తయ్యగారు గిన్నెలేవీ ఎత్తలేదు. చాప మీదే స్థిరంగా కూర్చుని అన్నారు.

"దొరికాయి, తమ్ముడూ. మీ బావ చెప్పినట్టే ఉంటాయి. ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు. మీ చిన్న మేనల్లుడు యోనాకి అవంటే ప్రాణం."

మావారు చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుని, "వాడు ఎలా ఉండేవాడమ్మా?" అని అడిగారు.

"చెప్తాను, తిను ముందు" అన్నారు అత్తయ్యగారు. తన పళ్ళెంలోని కుడుము విప్పి, రొయ్య తను తిని, పైతోలు తీసి మావయ్యగారి పళ్ళెంలో పెట్టారు.