ఇటుకపొడి డబ్బా

బకెట్టును మోకాలితో ముందుకు నెట్టుకుంటూ మూడో వరస బల్లల కింద తుడుస్తోంది తడిగుడ్డమ్మ. చర్చిలో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. ముప్ఫై నాలుగేళ్ల చాకిరీకి మోకాళ్లు కాయలు కాచాయి, వేళ్ల చివర్లు నాని ముడతలు పడ్డాయి.

వేదిక ముందున్న నల్లరాయి మీద చరిత్ర మాస్టారు బోర్లా పడుకుని టార్చి వేసి చూస్తున్నాడు. సోమవారం పాత గచ్చు తవ్వి కొత్త పలకలు వేస్తారు. రాతిమీద ఏం రాసి ఉందో తేలకపోతే అదీ బయటికే. చర్చి కట్టించిన షావుకారు సమాధి అని కొందరు, కాదని కొందరు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు.

"అక్షరాలు ఇంతలా ఎలా అరిగాయో!" అన్నాడాయన.

ఆమె తేలు కుట్టిన దొంగలా తల దించుకుని బకెట్టులో గుడ్డ ముంచింది. కడుపులో దాచుకోలేకపోయింది.

"నేనే బాబూ. గొప్పాయన రాయి కదా, తళతళలాడాలని ప్రతి శనివారం ఇటుకపొడేసి తోమాను."

మాస్టారు తల పట్టుకున్నాడు.

"చదవడం రాదు గానీ, గుడ్డ ఎక్కడెక్కడ తిరిగేదో వేలికి తెలుసు. రాసుకుంటావా?"

కళ్లు మూసుకుని, తడివేలితో రాతిమీద గీయసాగింది. గీత ఆరేలోపే ఆయన కాగితం మీదికి ఎక్కించాలి. "ఉండు, ఇక్కడ వంపు తిరిగేది," అని చెరిపి మళ్లీ గీసింది. ఇద్దరికీ ఆకలి కూడా గుర్తు రాలేదు.

"షావుకారు కాదమ్మా," అన్నాడు చివరికి మాస్టారు. "పైకప్పు వేస్తూ జారిపడ్డ తాపీమేస్త్రి. తోటి కూలీలు వేయించిన రాయి. ఇక్కడున్న సంవత్సరం చూస్తే చర్చి మనం అనుకున్నదానికన్నా ముప్ఫై ఏళ్లు పాతది!"

ఆమె తలెత్తి అంత ఎత్తున ఉన్న కప్పును చూసింది.

"ఓరి నీ దుంపతెగ! నిన్నా నేను ఇంతకాలం గొప్పింటోడివని తోమింది?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ మేస్త్రి మీద ఆమెకు సొంత తమ్ముడి మీదలా ప్రేమ పుట్టుకొచ్చింది.

కాగితం చదివిన పాస్టరుగారు రాయిని కదపొద్దని పనివాళ్లకు చెప్పారు. ఆమె గుడ్డ పిండి, రాయిని మెల్లగా తుడిచింది.

"ఇకనుంచి ఉత్త నీళ్లే నాయనా," అంది రాయితో. తర్వాత వెనక బల్లమీద నడుం వాల్చింది.

సాయంత్రం మాస్టారు ఒక వంపు గురించి సందేహం వచ్చి తిరిగొచ్చాడు. "అమ్మా" అని రెండుసార్లు పిలిచాడు. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. ఆయన అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాతి పక్కన ఇటుకపొడి డబ్బా, ఆ శనివారం మూత తీయకుండానే ఉండిపోయింది.