షెడ్డు వెనక గది

వెల్డర్‌ని మొదట మందిరానికి తీసుకెళ్లింది అతని భార్యే. పెళ్లయిన కొత్తల్లో ఆదివారం వస్తే అతను ముసుగుతన్ని పడుకునేవాడు. ఆమె ఒక్కతే వెళ్లి వచ్చి, "మీ కోసం కూడా ప్రార్థన చేశానండీ" అనేది.

"చేస్తే చేశావు గానీ, నన్ను పెందలాడే లేపమని మాత్రం ఆయన్ని అడక్కు" అనేవాడు దుప్పట్లోంచే.

తర్వాత పాప పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టడంతో ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. అతను ఆ అద్దానికి నుదురు ఆనించి నిలబడి, అంతవరకూ ఎప్పుడూ మాట్లాడని దేవుడితో మాట్లాడాడు. పాప బతికింది. ఆనాటి నుంచి అతనిది ఉడుంపట్టు. తెల్లారగట్టే లేచి వాక్యం చదువుకునేవాడు. మందిరంలో కుర్చీలు వేసేదీ అతనే, కూటం అయ్యాక తీసేదీ అతనే. భార్యకి నవ్వొచ్చేది. "నేనంటించిన జ్వరం నాకంటే మీకే ఎక్కువైందండీ" అనేది.

ఆమె ఒక ల్యాబులో రక్తం తీసే పని చేసేది. ఎంత సన్నని నరమైనా ఒక్క పోటుకే దొరికించుకునేది. ఏడ్చే పిల్లలు ఆమె దగ్గర ఏడుపు ఆపేవాళ్లు. ఆమెకి ఒక్కడే తమ్ముడు, లిఫ్టులు బాగుచేసేవాడు. ఆరడుగుల మనిషైనా ఇంట్లో అందరికీ బుడ్డోడే. గుమ్మంలో తల తగిలినప్పుడల్లా, "ఈ ఇల్లు బుడ్డోళ్ల కోసం కట్టలేదే అక్కా" అని నవ్వేవాడు.

ఆ బుడ్డోణ్ణి ఒక లారీ డ్రైవర్ చంపేశాడు. వీధి మలుపులో లారీ అడ్డంగా పెట్టాడు, తియ్యమంటే తియ్యలేదు. మాటా మాటా పెరిగింది. జాకీ రాడ్డుతో తలమీద కొట్టాడు. బుడ్డోడు నిలబడ్డ చోటే కూలిపోయాడు. కేసు నడిచింది, డ్రైవర్‌కి శిక్ష పడింది. అత్తగారు కడుపుకోతతో ఇంట్లో ఒంటరిగా ఉండలేక కూతురి దగ్గరికి వచ్చేసింది. కొడుకు చొక్కా ఒకటి మడిచి తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

ఒక మధ్యాహ్నం వెల్డర్ షెడ్డులో గేటుకి చువ్వలు అతికిస్తున్నాడు. ముసుగు లోపల, ఆ నీలం వెలుగులో, ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది: జైలుకి వెళ్లి వాణ్ణి చూడు. అతను మంట ఆపి, ముసుగు తీసి చెమట తుడుచుకున్నాడు. ఆలోచన మాత్రం తుడిస్తే పోలేదు. మర్నాడూ వచ్చింది. అన్నం కలుపుకుంటుంటే వచ్చింది, పాపకి జడ వేస్తుంటే వచ్చింది. చెరసాలలో ఉన్నవాళ్లని చూడాలన్న మాట వాక్యంలో అతను ఎన్నోసార్లు చదివినదే. చదివినప్పుడు ఆ చెరసాలలో ఉన్నది ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు.

ఉండబట్టలేక పాస్టర్ గారిని అడిగాడు. పాస్టర్ మంచివాడే. నమ్మినవాళ్ల ఇల్లు పచ్చగా ఉంటుందని ప్రతి ఆదివారం చెప్పేవాడు, చెప్పేది నిజమనే నమ్మేవాడు. ఈ మాట విని నీళ్లు నమిలాడు.

"పిలుపంటే ఎన్నో ఉన్నాయి కదా తమ్ముడూ. పాటల పరిచర్య ఉంది, పిల్లలకి చెప్పడం ఉంది."

"నేనూ అవే అడిగానండీ. ఆయన ఇదే ఇస్తున్నాడు."

"ఇంట్లో చెప్పావా?"

"లేదండీ."

"అయితే ముందు అది ఆలోచించుకో" అన్నాడు పాస్టర్, తలుపు వైపు చూస్తూ.

జైల్లో ములాఖత్ గది పొడవుగా, చీకటిగా ఉంది. మధ్యలో జాలీ. అవతల డ్రైవర్ వచ్చి కూర్చున్నాడు. బక్కమనిషి, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"ఎవరు నువ్వు?"

"నువ్వు చంపినవాడి బావని."

డ్రైవర్ నవ్వాడు. "తిట్టడానికా? ఇంత దూరం వచ్చి, వరసలో నిలబడి మరీ తిట్టాలా? ఇంట్లో కూర్చుని తిట్టుకోవచ్చుగా."

"తిట్టడానిక్కాదు. నిన్ను చూసి రమ్మన్నాడు."

"ఎవడు?"

"దేవుడు."

"ఆయనకేం, చెప్పి కూర్చుంటాడు. నడిచొచ్చేది నువ్వు" అన్నాడు డ్రైవర్. లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వెల్డర్ భార్యకి చెప్పేశాడు. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో పాప గౌను అలాగే ఉండిపోయింది. దాన్ని మడిచి పక్కన పెట్టి, "సరే, ఒకసారి వెళ్లారు. మనసు ఊరుకోక వెళ్లారు. ఇక వెళ్లకండి" అంది.

అతను మాట ఇవ్వలేకపోయాడు. కొన్నాళ్లు వెళ్లలేదు. వెళ్లని రోజుల్లో ప్రార్థనకి కూర్చుంటే గోడతో మాట్లాడినట్టుండేది. మళ్లీ వెళ్లాడు. వెళితే ఏదో శాంతి దొరుకుతుందనుకున్నాడు గానీ, అదీ దొరకలేదు. డ్రైవర్ ఒక్కోసారి మాట్లాడేవాడు, ఒక్కోసారి బూతులు తిట్టేవాడు. ఒకసారి జాలీలోంచి మొహం మీద ఉమ్మాడు. అతను తుడుచుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అత్తగారికి తెలియనే తెలిసింది. ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అల్లుణ్ణి "బాబూ" అని పిలవడం మానేసింది. అతను వడ్డిస్తే కంచం పక్కకి జరిపేది. ఒకరోజు మూట సర్దుకుని, "అమ్మాయ్, నేను నా ఇంట్లోనే ఉంటానే. అక్కడైతే గోడలు నా కొడుకు వైపే ఉంటాయి" అని కూతురితో చెప్పి వెళ్లిపోయింది.

మందిరంలో మాత్రం ఈ సంగతి మరోలా పాకింది. హంతకుణ్ణి మార్చేశాడట అన్నారు. ఒక ఆదివారం పాస్టర్ గారు సంతోషంగా అతన్ని ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. అతను మైకు పట్టుకుని నిలబడ్డాడు. భార్య తలవంచుకుని కూర్చుని ఉంది.

"అతనేం మారలేదండీ" అన్నాడు. "పోయిన వారం నా మీద ఉమ్మాడు. నాకు అతనంటే ప్రేమ కూడా లేదు. మా అత్తగారు ఇల్లొదిలి వెళ్లిపోయారు. నా కోసం ప్రార్థన చెయ్యండి."

ఎక్కడో ఒక గొంతు ఆమెన్ అనబోయి ఆగిపోయింది. పాస్టర్ గారు తొందరగా పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత అతన్ని ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు. కుర్చీలు వెయ్యడానికి మాత్రం పిలిచేవాళ్లు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా డ్రైవర్‌కి జైల్లో పట్టుకున్న ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఇక లాభం లేదన్నారు డాక్టర్లు. చూసుకునేవాళ్లుంటే ఆఖరి రోజులు బయట గడపనిస్తామన్నారు అధికారులు. డ్రైవర్‌కి ఒక్కతే చెల్లెలు. ఆమె ఫోన్లో, "ఆ పేరు నా ఇంట్లో ఎత్తకండి, నా పిల్లల పెళ్లిళ్లు కావాలి" అని పెట్టేసింది. అధికారి వెల్డర్‌కి కబురు చేశాడు. "మీరొక్కరే వస్తుంటారు కదా అని..." అని సగంలో ఆపాడు.

ఆ వారమంతా వెల్డర్ ఒకే ప్రార్థన చేశాడు. ఇంకెవరినైనా పంపు తండ్రీ. ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది చేశాను, ఈ ఒక్కటి నావల్ల కాదు. ఇంకెవరినైనా పంపు.

ఎవరూ రాలేదు. అతను షెడ్డు వెనక ఇనుప ముక్కలు, వాడేసిన రాడ్లు పడేసే గదిని ఖాళీ చేశాడు. నేల కడిగాడు. కిటికీకి ఊచలు లేకపోతే తనే చేసి అతికించాడు, మళ్లీ జైలు గుర్తొచ్చి పీకేశాడు. మంచం వేసి డ్రైవర్‌ని తీసుకొచ్చాడు. ఆ సంగతి విన్నాక భార్య షెడ్డు వైపు రావడం మానేసింది.

అతనికి రోజూ ఇంజక్షన్ పడాలి. ఎండిపోయిన చేతుల్లో నరం దొరకడం లేదు. పక్క వీధి కాంపౌండర్ రెండు చేతులూ గుచ్చి గుచ్చి విసుక్కుని వెళ్లిపోయాడు. డ్రైవర్ నొప్పికి చిన్నపిల్లాడిలా మూలుగుతున్నాడు. ఆ మూలుగు వినలేక వెల్డర్ జీవితంలో చెయ్యకూడని పని చేశాడు. ఇంటికి వెళ్లి భార్యని అడిగాడు.

ఆమె అప్పుడే పని నుంచి వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు.

"నా చేత్తో వాడికి సూది వెయ్యమంటారా?"

"నీకైతే ఒక్క పోటుకే దొరుకుతుంది. బాధ పడుతున్నాడు."

"వేస్తే నేను మందే వేస్తానని మీకు నమ్మకమా?"

అతను ఆమె చేతుల వైపు చూశాడు.

"నాకు లేదండీ" అంది ఆమె. "సిరంజి పట్టుకుంటే నేనేం చేస్తానో నాకే తెలీదు. మీరు నన్నా గది దాకా తీసుకెళ్లాలనుకున్నారు చూడండి, అక్కడే నాకు అర్థమైంది. మీకు నేను కనబడ్డం లేదు. వాడొక్కడే కనబడుతున్నాడు. మిమ్మల్ని మందిరానికి నేనే తీసుకెళ్లాను. నా చేతులారా తీసుకెళ్లాను."

మర్నాడు ఆమె పాపని తీసుకుని తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. పాప మెట్లు దిగుతూ, "నాన్న రారా?" అని అడిగింది. "నాన్నకి పని ఉంది" అంది ఆమె. అందులో అబద్ధమేమీ లేదు.

తర్వాత రోజులన్నీ ఒకలాగే గడిచాయి. వెల్డర్ పొద్దున జావ కాచి తాగించేవాడు, పక్కబట్టలు మార్చేవాడు, వీపు తుడిచేవాడు. ముందు షెడ్డులో గ్రైండర్ మోగుతుంటే డ్రైవర్ వెనకనుంచి, "చావనివ్వవా ప్రశాంతంగా!" అని అరిచేవాడు. ఆపితే, "పని మానేసి నా మొహం చూస్తున్నావా?" అనేవాడు.

"నా వల్ల నీకేం ఒరిగింది చెప్పు" అన్నాడు ఒకరోజు. "పెళ్లాం పోయింది, పిల్ల పోయింది. కొరివితో తల గోక్కున్నావు."

"అవును" అన్నాడు వెల్డర్.

"స్వర్గంలో ముందు వరసలో కుర్చీ వేస్తారనా?"

"కుర్చీలు వేసేవాణ్ణి నేనే" అన్నాడు వెల్డర్. ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్లిద్దరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. నవ్వు దగ్గులోకి మారి, డ్రైవర్ గుడ్డలో నెత్తురు ఉమ్మాడు.

మనిషి మరీ క్షీణించాక, వెల్డర్ మంచం పక్కన కూర్చుని అడిగాడు. "ఒక్క మాట చెప్పు. మా ఆవిడకి, మా అత్తకి చెప్పుకోడానికి. తప్పయిందని ఒక్క మాట."

డ్రైవర్ పైకప్పు రేకుల వైపు చూశాడు. "వాడే ముందు నా కాలర్ పట్టుకున్నాడు" అన్నాడు.

"తెలుసు."

"తప్పయిందంటే వాడు లేచొస్తాడా?"

"రాడు."

"నా ఊపిరొస్తుందా?"

"రాదు."

"మరెందుకు?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వెల్డర్‌కి ఆ క్షణంలో తలగడ తీసి అతని మొహం మీద అదమాలనిపించింది. చేతులు నిజంగానే ముందుకి వచ్చాయి. లేచి బయటికి వెళ్లి, కుళాయి కింద తల పెట్టి నిలబడ్డాడు. "ఇదేనా?" అని అడిగాడు నీళ్ల చప్పుడులో. "దీనికేనా నన్ను పిలిచావు?" కుళాయి కట్టేసి లోపలికి వెళ్లి, జారిపోయిన దుప్పటి కప్పాడు.

డ్రైవర్ ఒక మధ్యాహ్నం పోయాడు. ఆ సమయానికి వెల్డర్ ముందు షెడ్డులో పైపు కోస్తున్నాడు. కోత చప్పుడులో ఆఖరి పిలుపు ఏదైనా ఉన్నా వినబడి ఉండదు. మజ్జిగ తీసుకుని వెళ్లేసరికి అంతా అయిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో పశ్చాత్తాపం ఉందేమోనని అతను వంగి చూశాడు. అవి ఉత్త కళ్లు, అంతే.

పాస్టర్ గారు సమాధి చెయ్యడానికి రాలేనన్నారు. "సంఘంలో కొందరు బాధపడతారు తమ్ముడూ" అన్నారు. ఆయన గొంతులో సిగ్గు ఉంది, అయినా రాలేదు. గొయ్యి తవ్వినవాళ్లు పారలు ఆనించుకుని పక్కన నిలబడ్డారు. వెల్డర్ ప్రార్థన చెయ్యబోయాడు. "తండ్రీ" అన్నాడు. ఆ పైన మాట రాలేదు. వాళ్లు కాసేపు ఆగి, మర్యాదగా దగ్గి, మట్టి వెయ్యడం మొదలుపెట్టారు.

కొన్ని రోజులకి అతను అత్తగారింటికి వెళ్లాడు. అది మేడ మీద వాటా. భార్య తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, తలుపు వెయ్యనూ లేదు. గది లోపల అత్తగారు అటు తిరిగి పడుకుని ఉంది. పాప బడికి వెళ్లినట్టుంది.

"పోయాడు" అన్నాడు.

"విన్నాను. ఏమన్నా అన్నాడా?"

అబద్ధం చెప్పొచ్చు. తప్పయిందన్నాడని ఒక్క మాట చెబితే లోపల పడుకున్న ముసలమ్మకి కూడా కంటికి కునుకు పట్టేదేమో. అతను చెప్పలేకపోయాడు. "ఏమీ అనలేదు."

ఆమె తలూపింది. ముందే తెలిసినట్టుగా.

"ఇంటికి రావూ?" అన్నాడు.

"మీరు చేసింది తప్పని నేననను" అంది ఆమె నెమ్మదిగా. "ఎన్నిసార్లో ఆలోచించాను. తప్పు దొరకలేదు. అదే నా బాధ. తప్పయితే క్షమించేదాన్ని. తాగొస్తే క్షమించేదాన్ని, చేయి చేసుకున్నా క్షమించేదాన్నేమో. ఇది ఎలా క్షమించాలో నాకు తెలీదండీ."

"ప్రార్థన చేస్తున్నావా?"

"కూర్చుంటున్నాను. మాటలు రావడం లేదు. మీకు?"

"నాకూ అంతే."

ఇద్దరూ గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డారు. లోపల అత్తగారు దగ్గింది. "వెళ్లండి. అమ్మ లేస్తుంది" అంది ఆమె. అతని చొక్కా చేతి మీద నిప్పురవ్వ పడి కాలిన చిల్లు చూసి, చెయ్యి ఎత్తబోయి, దించేసుకుంది. తలుపు చప్పుడు కాకుండా మూసింది.

అతను మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. పైకి వెళ్లేవాళ్లు పక్కకి ఒదిగి వెళ్తున్నారు. ఫోన్ మోగింది. ఎవరిదో బాల్కనీ రెయిలింగ్ ఊగుతోందట, పిల్లలున్న ఇల్లట, భయంగా ఉందట.

"పిల్లల్ని అటు పోనివ్వకండమ్మా" అన్నాడు. "వస్తున్నాను."

కాసేపటికి లేచి, గోడ పట్టుకుని మిగతా మెట్లు దిగాడు.