మావయ్య సాక్ష్యం

మానవ హక్కుల మీద పరిశోధన మొదలుపెట్టాక ఆ అమ్మాయికి కాలు ఒకచోట నిలవడం మానేసింది. న్యాయశాస్త్రం మేడమ్ “తప్పు చేసిందెవరో తేల్చు” అంటుంది. సమాజశాస్త్రం సారు “ఒక్కణ్ణి పట్టుకుంటే ఏం లాభం? వాడి వెనకున్నదంతా చూడు” అంటాడు. ఇద్దరికీ తలూపి, రోడ్డు వెడల్పు పనుల్లో ఇళ్లు పోయినవాళ్ల రేకుల గుడిసెలకి వెళ్లేది.

అక్కడ కుట్టుపని చేసే ఆవిడ ఒకరోజు చెప్పింది.

“బుల్డోజర్ మా గోడదాకా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, మా అత్తగారు పడుకున్న మంచానికి తనూ ఓ చెయ్యేసి బయటపెట్టించాడు. మళ్లీ ఎక్కి కూల్చేశాడు. అతని మెడమీద అరచేయంత తెల్లమచ్చ ఉందమ్మా.”

ఆ మచ్చ మేనమామది. నాన్న పోయాక తనని భుజాన వేసుకుని పెంచిన మావయ్యది.

తిన్నగా అతను పనిచేసే గ్యారేజీకి వెళ్లింది. మావయ్య యంత్రానికి గ్రీజు పెడుతున్నాడు.

“రోడ్డు పని అన్నావు కదా మావయ్యా?”

“రోడ్డు కోసమేగా కూల్చింది.”

“చేతులెలా వచ్చాయి?”

అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. “నేను దిగిపోతే ఇంకొకడు ఎక్కుతాడు. వాడు ఆ ముసలావిణ్ణి బయటికి రానిచ్చేవాడో లేదో. అలా సర్దిచెప్పుకున్నా. అయినా కంటిమీద కునుకు లేదే అమ్మాయ్. నీ పుస్తకంలో నన్ను ఎటువైపు రాస్తావు?”

ఆమె నోట్సు తెరిచింది. ఇళ్లు పోయినవాళ్లని ఏమడగాలో, అధికారుల్ని ఏమడగాలో రాసుకుని ఉంది. ఇతన్ని అడగడానికి మాత్రం ఏమీ రాసుకోలేదు.

“ముందుగా వాళ్లకి నోటీసులిచ్చారా?”

“ఎక్కడి నోటీసులు! పొద్దున్నే మొదలెట్టమని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు, అంతే.”

“ఆ మాట, ఈ కూల్చివేతల మీద వేసిన విచారణ కమిటీ ముందు చెప్తావా?”

మావయ్య గ్రీజు డబ్బాకి మూత పెట్టాడు. “అత్తయ్యకి చెప్పకు” అన్నాడు.

చెప్పాడు. కమిటీ ముందు, కుట్టుపని ఆవిడ ఎదుటే, తల దించుకుని, అంతా చెప్పాడు. ఆవిడ కొట్టలేదు, దణ్ణం పెట్టలేదు, “అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?” అంది. కమిటీ కూల్చివేతలు ఆపమంది. కూలిన ఇళ్ల సంగతి వాయిదాల్లో పడింది. మావయ్య ఉద్యోగం మాత్రం వెంటనే పోయింది.

“నిన్ను చదువుకోమని పంపిస్తే మా మీదే చదివావా?” అని అత్తయ్య తలుపు వేసేసింది.

అమ్మాయి మెట్లు దిగింది, మళ్లీ ఎక్కింది. లోపల మావయ్య గొంతు వినబడింది: “తలుపు తియ్యవే, అది నిలబడే ఉంది.”