నల్ల పొర

ఆమె మూడోసారి చేతులకి సబ్బు రుద్దుకుంటుంటే వెనకనుంచి అత్తగారు అన్నారు: "ఎంత తోమితే ఏం లాభం అమ్మాయ్, కుళ్లిన గుడ్డు కంపు నీ గోళ్ల సందున కాపురం పెట్టింది." ముందుగదిలో ఆడపడుచు మామగారు చుట్టపుచూపుగా వచ్చి కూర్చున్నారు. కోడలు మంచినీళ్లిస్తే గ్లాసందుకుని, ముక్కు ముడిచి, తాగకుండా పక్కన పెట్టేశారు. భర్త గబగబా, "మా ఆవిడది ఆఫీసు పని లెండి, కాగితాలూ అవీ," అన్నాడు. ఆమె తలూపింది. అలా తలూపినందుకే ఎక్కువ సిగ్గేసింది.

కాగితాలు కాదు, బురద. సముద్రపు ఒడ్డున రాళ్ల మధ్య గొట్టం గుచ్చి తీసిన బురదని పొరలుపొరలుగా కోసి, ఏ పొరకా పొర సీసాలో పెట్టి, సన్న జల్లెడలో కడిగి, కంటికి ఆనని పురుగుల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం ఆమె కొలువు. పైపొరలో గాలి ఆడుతుంది, పురుగులు కిటకిటలాడతాయి. రెండు వేళ్ల లోతు దాటితే గాలి చొరదు. గంధకం చేరి బురద నల్లబడుతుంది. కంపంతా దానిదే. ప్రతి పొరా చూస్తేనే ఏ మట్టిలో ఎవరు బతుకుతారో తెలిసేది.

ఆ మర్నాటినుంచి ఆమె నల్ల పొర సీసాల మూత తియ్యడం మానేసింది. అందులో ఏం బతుకుతాయిలే అని తనకి తనే సర్దిచెప్పుకుని, నెల్లాళ్లు సున్నా, సున్నా అని రాసింది. ఇంట్లో కంపు తగ్గింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అన్నాడు భర్త. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం తలెత్తలేకపోయేది.

ఇవాళ మేడమ్ సంబరంగా వచ్చింది. ఈ పరిశోధనంతా ఆవిడదే. "చూశావా, ఎక్కడ తవ్వినా నల్ల పొరలో ప్రాణమే లేదు! నీ లెక్కని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను. సాయంత్రానికల్లా వ్యాసం పరిశోధన పత్రికకి పంపేస్తాను."

భూమి విచ్చుకుంటే దూరిపోదామనిపించింది. ఆవిడ వెళ్లగానే నిన్న తెచ్చిన నల్ల పొర సీసా మూత తీసింది. కంపు గుప్పుమంది. కడిగి, పళ్లెంలో పరిచి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. ముందు నల్లటి రేణువులే. తరవాత దారప్పోగులాంటిదొకటి మెల్లిగా మెలితిరిగింది. దాని పక్కన ఇంకొకటి. ఒకదాని కడుపులో గుడ్లు. గాలి లేని చోట, ఆ కంపులోనే సంసారాలు చేసుకుంటున్నాయి. దేవుడు వీటికీ ఇంత చోటు చూపించాడే, లేవని కొట్టెయ్యడానికి తనెవరు? ఒక పెద్దమనిషి ముక్కుకి జడిసి ఇంత పని చేసిందా? ముక్కు ఆయనదే. రాసిన చెయ్యి మాత్రం తనది కదా?

ఇంకోసారి లెక్కపెట్టి, మేడమ్ గది తలుపు తట్టింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

"పంపకండి మేడమ్. నల్ల పొరలో ఇరవయ్యొక్కటి ఉన్నాయి. ఒక్క సీసాలోనే."

మేడమ్ కళ్లజోడు తీసింది. "మరి నెల్లాళ్లుగా ఆ సున్నాలేమిటి?"

"అవి పురుగులవి కావండీ," అంది ఆమె. "నావి."