బుల్లయ్య పాదాలు పట్టిన తెల్లపొర

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళండి, సగంలో లేస్తే ఊరుకోను. పులి నోట్లోంచి దూడను లాగిన చేతులివి. అంతటి చేతులూ ఆ రోజు చాల్లేదు.

దర్శి పక్కన బుల్లయ్యకు మూడెకరాలు. మిరప నాటే ముందు ఏటా గట్టు పక్కన గుంట తవ్వి అందులో నిలబడతాడు. అడుగున తెల్లటి సున్నపుపొర తగులుతుంది. వాన భూమిలోకి దిగుతూ సున్నాన్ని మోసుకుపోతుంది; ఎక్కడ అలిసి ఆగిందో అక్కడ దించేసి, తాను ఆవిరైపోతుంది. వానలు తగ్గేకొద్దీ పొర పైకొస్తుంది. వాళ్ళ నాన్న కాలంలో రొమ్ములోతు, పోయినేడు మోకాలిలోతు. అంత జరగడానికి వేల ఏళ్ళు కావాలంటారు చదువుకున్నవాళ్ళు. దర్శి పొరకు అంత తీరిక లేదు.

ఈ ఏడు చీలమండ లోతు!

"బోరు వేశాం కదయ్యా, వానతో పనేముంది?" అంది భార్య వెంకటేశ్వరమ్మ. నారు కట్టలు అప్పటికే గట్టు మీదున్నాయి. ఆ బోరు నీళ్ళు కాస్తే గిన్నెకు తెల్లగా పట్టేది. అయినా చేలోకి తిప్పి, చెప్పుల్లేకుండా పార పట్టుకుని నీరు కట్టాడు బుల్లయ్య. మధ్యాహ్నానికి ఎండ నీళ్ళు తాగేసి, సున్నం వదిలేసింది.

"ఒసేయ్, కాళ్ళు రావట్లేదే!"

పొర పైకొచ్చి పాదాలను సిమెంటులా బిగించింది. ఆ కేక విని పరుగెత్తుకొచ్చి నేను లాగాను. బుల్లయ్య జానెడు పొడుగయ్యాడు గానీ పాదం కదల్లేదు. గునపం వేస్తే నిప్పురవ్వలు! వెంకటేశ్వరమ్మ పరుగెత్తి బోరు కట్టేసింది. అయినా తడి ఆరేకొద్దీ పొర ఎక్కుతూనే ఉంది.

"మోకాళ్ళు దాటిందా?" అడిగింది పక్క చేను షమీమ్, కూలీలకు తెచ్చిన పులుసు గిన్నె దించుతూ.

"దాటుతోందమ్మా. కాళ్ళు నరికేయండి, మనిషినైనా మిగులుతాను!"

ఆ మాటకు నేను గునపం అవతలి గట్టుకు విసిరేశాను.

"ఏం మాటలన్నా అవి? గిన్నెకు పట్టిన సున్నం దేంతో తోముతాం?" అంటూ షమీమ్ చింతపండు పులుసంతా ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. బుస్సుమని నురగ! పొర వేలెడు దిగింది. ఊరంతా చింతపండు పిసికింది. వంద బిందెలు నేనొక్కణ్ణే మోశాను.

పొద్దువాలే వేళకు బుల్లయ్య పాదాలు బయటికొచ్చాయి. నారు గట్టు మీదే వాడిపోయింది. బోరు మూతి మీద బండ పెట్టించింది వెంకటేశ్వరమ్మే. "వాన ఎంతిస్తే అంతే తిందాం" అంటూ కంది చల్లించింది. ఇప్పుడు మబ్బు పడితే చాలు, బుల్లయ్య చెప్పులు విప్పి చేలో నిలబడతాడు. కాలిగోళ్ళు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి.

అబద్ధమా? ఆ రోజు కూలీలకు పులుసు లేకుండా అన్నం పెట్టిన మనిషి ఇంకా అక్కడే ఉంది, వెళ్ళి అడగండి. పేరు షమీమ్.