పోలమ్మ వెతికిన దారి

నేను ఒక గర్భసంచి బొమ్మను. రబ్బరుతో చేసినదాన్ని, పిడికిలంత ఉంటాను. ఈ మాట వినగానే మీరు ఇబ్బందిగా అటూ ఇటూ చూసి ఉంటారు. ఫరవాలేదు, నాకది అలవాటే. ఇలాంటి గదిలో తొమ్మిది నెలలు అద్దె లేకుండా ఉండి వచ్చినవారు కూడా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు.

నన్ను తయారుచేసిన పనివాడు అంతకుముందు బడిపిల్లల కోసం బొమ్మ పళ్లు చేసేవాడు. చేయి అలవాటు పోక నాకూ జామపండు లోపలి రంగే వేశాడు. అక్కడినుంచి ఒక జిల్లా ఆఫీసుకు చేరాను. అక్కడి పెద్దమనిషి నన్ను ఒకసారి చూసి, చెవులు ఎర్రబడి, న్యూస్‌పేపర్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆడవాళ్లకు చూపించడానికి వచ్చిన నేను మూడేళ్లు ఎవరికీ కనపడకుండా ఉన్నాను.

నన్ను బయటికి తీసినది శాంతకుమారి సిస్టరు. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఆమెకు నర్సు డ్యూటీ. బస్సులో నా మీద తువ్వాలు కప్పేది గానీ, పేటలో దిగాక వలల పక్కన కూర్చుని ధైర్యంగా ఒళ్లో పెట్టుకునేది. ఎండుచేపలు తిరగేసే చేతులతోనే ఆడవాళ్లు నన్ను పట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "ఇంతేనేటి? ఇందులో నలుగురు పిల్లలెలా పట్టినారమ్మా?" అనేవారు. ఆ రోజులు ఎంత బాగుండేవో! ఆ నీచువాసన కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది.

ఆ పేటలో దానమ్మ అనే పిల్ల ఉండేది. మూడో కాన్పులో రక్తం పోయి చావు తప్పి బయటపడింది. ఇంకో కాన్పు వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే చేపల గంప ఎత్తలేనని భయపడి దానమ్మ ఒప్పుకోలేదు. అందుకని సిస్టరు మాత్రల అట్ట ఇచ్చి, రోజుకొకటి మింగమంది.

రెండు నెలలకు దానమ్మ పాలిపోయిన మొహంతో వచ్చింది. నెల తప్పి పన్నెండు రోజులైంది. సిస్టరు అట్ట తెమ్మంది. చూస్తే సగానికి పైగా మాత్రలు అలాగే ఉన్నాయి.

"ఆడు ఏటకెల్లిన్నాడు మాత్రెందుకమ్మా దండగ? పడవ ఒడ్డుకొచ్చిన్నాడల్లా ఏసుకుంటన్నాను గదా," అంది దానమ్మ.

సిస్టరు ఆమెను కోప్పడలేదు. తనమీద తనకే కోపం వచ్చింది. రోజూ అని చెప్పిందే గానీ, మొగుడు సముద్రం మీద ఉన్న రోజు కూడా అని విడమర్చి చెప్పలేదు. మర్నాడు ఆస్పత్రిలో పరీక్ష చేయిస్తే గర్భం కాదని తేలింది. ఈసారి గండం గడిచింది. ఇక మాత్రలను నమ్ముకోలేక, గర్భసంచిలో అమర్చే కాపర్-టీ వేయించుకుందామని దానమ్మ సిద్ధపడింది.

అప్పుడు అత్త పోలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా కోడల్ని సంపనివ్వను. అది పైకెక్కి గుండెకి సుట్టుకుంటాది. ఎనకటికి ఇలాటిదే లూపేసుకుని మా సెల్లి అలాగే సచ్చిపోనాది," అంది. కోడలంటే పోలమ్మకు ప్రాణం. అందుకే ఆమెను కదిలించడం ఎవరివల్లా కాలేదు.

సిస్టరు వాదన పెట్టుకోలేదు. నన్ను తీసి పోలమ్మ చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, గుండెకి దారి ఉందేమో నీ వేలితో నువ్వే చూడు. ఎప్పుడైనా అది పక్కకి కదిలినా కడుపులోనే ఉంటుంది. మేం చూసి తీసేస్తాం," అంది.

పోలమ్మ నాలో వేలు పెట్టింది. కాయలు కాసిన మొరటు వేలు అది. పైన చూసింది, పక్కల చూసింది, మళ్లీ పైన చూసింది. ఎటు తడిమినా గోడే తగిలింది.

"అయితే మా సెల్లికి గుండెనొప్పి దేనికొచ్చినాది?" అని అడిగింది మెల్లగా.

సిస్టరు తనకు తెలియదంది.

"మూడ్రోజులు కొట్టుకున్నాది. లూపెక్కిపోనాది, ఇంకేటి సేత్తాం అని నానే దాన్ని ఆస్పత్రికి తీసికెల్లనివ్వలేదు."

కాసేపటికి పోలమ్మ కళ్లు తుడుచుకుని, గుమ్మంలోంచి లేచి, కోడలి చెయ్యి పట్టుకుంది. "పద. నానూ వత్తాను," అంది. దానమ్మ ఆ తర్వాత ఆ ముగ్గురు పిల్లల్నీ పెంచి పెద్దచేసింది.

ఇప్పుడు నేను నర్సుల బడిలో గాజు బీరువాలో ఉన్నాను. పిల్లలు వచ్చి ఫోనుల్లో ఫొటోలు తీసుకుంటారు గానీ నన్నెవరూ ముట్టుకోరు. నన్ను పట్టుకున్న చేతుల్లో చాలా వాటిని మరిచిపోయాను. పోలమ్మ వేలిని మాత్రం మరిచిపోలేదు. దారి లేదని తెలిశాక కూడా అది చాలాసేపు బయటికి రాలేదు.