గౌరవ సేవ

"కోఆర్డినేటర్ పేరు దగ్గర తమ్ముడిది రాసెయ్" అన్నాడు మా ఆయన, చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగే గొంతుతోనే. నేను కాలరు మీద నీళ్ళు చల్లుతున్నాను. కాలరు తిప్పి, చేతులు తిప్పి, చొక్కా ఆయన చేతికి అందించాక గానీ ఆ మాట నాకు ఎక్కలేదు.

మా ఆయన మా పేటలో యువజన కేంద్రానికి అధ్యక్షుడు. కేంద్రం అంటే రంగుల దుకాణం మేడమీద రెండు గదులు, నాలుగు కుట్టు మిషన్లు, ఒక పాత కంప్యూటర్. బడి మానేసిన ఆడపిల్లలు పదకొండు మంది అక్కడికి వస్తారు. కుట్టు నేర్చుకుంటారు, ఆగిపోయిన పరీక్షలకి చదువుకుంటారు, ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకుంటారు. అద్దె, కరెంటు, గుడ్డ అన్నీ ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు మీదే నడవాలి. ఆ దరఖాస్తు తొమ్మిదేళ్ళుగా నేనే రాస్తున్నాను. ఏ వీధిలో ఎంతమంది పిల్లలు ఇంట్లో కూర్చున్నారు, ఎందుకు కూర్చున్నారు, వాళ్ళకి ఏం కావాలి, అన్నీ గడపగడపా తిరిగి కనుక్కున్నదీ నేనే. సంతకం ఆయనది. సిబ్బంది అన్న చోట మాత్రం ప్రతి ఏడూ ఒకటే మాట రాయించేవాడు: అధ్యక్షుల సతీమణి, గౌరవ సేవ. పేరు కూడా ఉండదు. "మనింటి మనిషికి జీతమేంటి, నలుగురూ నవ్వుతారు" అనేవాడు. నిజమే అనుకుని నేనూ నవ్వేదాన్ని.

ఈ ఏడు ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. ప్రతి కేంద్రంలోనూ జీతం తీసుకునే కోఆర్డినేటర్ ఒకరు ఉండాలి, ఆ జీతం కూడా గ్రాంటులోనే ఇస్తారు, లేకపోతే దరఖాస్తే చూడరు. ఆ సర్క్యులర్ ముందు చదివింది నేనే. చదివి మడతపెట్టి ఆయన బల్ల మీద పెట్టి, పది రోజులు ఎదురుచూశాను. ఆయనంతట ఆయనే అంటాడని. ఎంత పిచ్చిదాన్నో.

"మరిది ఏనాడూ ఆ మెట్లెక్కలేదు. పని ఎవరు చేస్తారు?" అన్నాను.

"నువ్వున్నావుగా" అన్నాడు బొత్తాలు పెట్టుకుంటూ.

నువ్వున్నావుగా. ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటాను. అత్తగారు మంచం పట్టిన ఏడాది, ఆయా ఎందుకు దండగ, నువ్వున్నావుగా అన్నారు. నా టైపిస్టు ఉద్యోగం అలాగే పోయింది. ఆడపడుచు కాన్పుకి నువ్వున్నావుగా. సంఘం సమావేశానికి ఇరవై మందికి టీలు, నువ్వున్నావుగా. ఉన్నాను. ఇంట్లో బిందె ఉన్నట్టు, చీపురు ఉన్నట్టు ఉన్నాను. ఉన్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, లేనప్పుడే వెతుక్కుంటారు. లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. ఎవరి పేరైతే ఏంటమ్మా, వచ్చేది ఇంట్లోకే కదా, ఆ కుర్ర వెధవ కాస్త నిలదొక్కుకుంటాడు అని. ముప్ఫై ఆరేళ్ళ కుర్ర వెధవ.

గడువు ఆ రోజే. ఆయనకి తీరిక ఉండదు కాబట్టి ఎప్పటిలాగే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. అత్తగారికి భోజనం పెట్టి, మందులిచ్చి, బస్సెక్కి గ్రాంట్లు ఇచ్చే ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో బల్ల మీద కూర్చుని అన్ని పేజీలూ నింపాను, ఆ ఒక్క చోటు తప్ప. ఒట్టేసి చెబుతున్నాను, మరిది పేరు రాయాలనే వెళ్ళాను. కానీ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు పిల్లల పేర్లు అడిగితే అతను ఒక్కటైనా చెప్పగలడా? గ్రాంటు రాకపోతే వసపిట్ట ఏమవుతుంది? దాని నోరు ఊరుకోదని మేమంతా ఆ పిల్లని వసపిట్ట అంటాం. పదిహేనేళ్ళది. ఈ కేంద్రమే లేకపోతే ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పెట్టేస్తానని వాళ్ళమ్మ రెండేళ్ళుగా అంటోంది. పిల్లల కోసమే నా పేరు రాశానని చెప్పుకోవచ్చు. అది సగం నిజం. మిగతా సగం, నాకు కావాలి. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఇంటిపేరుతో సహా నా పేరు రాసి, లోపల గుమాస్తాకి ఇచ్చాను. నా ఈడు మనిషి ఆమె. ముద్ర వేసి రసీదు చించి ఇచ్చింది.

వారం తిరక్కుండానే వివరాలు సరిచూసుకోవడానికి ఆఫీసువాళ్ళు మా ఆయనకి ఫోన్ చేశారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కున్నావు" అని మాత్రం అన్నాడు. మర్నాడే అధ్యక్ష పదవి నుంచి, దరఖాస్తు నుంచి తప్పుకుంటున్నానని ఆఫీసుకి ఉత్తరం పెట్టాడు. నెలాఖరుకి మేడమీద గదుల తాళాలు దుకాణం ఆయనకి ఇచ్చేశాడు. మిషన్లు తెచ్చి మా పెరటి వసారాలో పడేసి టార్పాలిన్ పట్టా కప్పించాడు. "కేంద్రం నీదే అనుకున్నావుగా, నడుపుకో" అన్నాడు.

పిల్లలు మూడు రోజులు ఆ మెట్ల మీద కూర్చున్నారట. నాలుగో రోజు ఎవరూ రాలేదు. ఏ మొహం పెట్టుకుని వాళ్ళ వీధుల్లోకి వెళ్ళను? రెండు వారాలు ఆగి వసపిట్ట ఇంటికి వెళ్ళాను. అప్పటికే ఫ్యాక్టరీలో పెట్టేశారు. నేను చేసేదేముందమ్మా, తలుపు మూసింది మీరే కదా అంది వాళ్ళమ్మ. నేనుండగానే ఆ పిల్ల వచ్చింది. వేళ్ళ నిండా టేపు కోసిన గాట్లు. నన్ను చూసి, చెంబుతో కాళ్ళు కడుక్కుని, గోడకి చేరగిలబడింది. అరగంట కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నోరు ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చి పంపు తిప్పి సింకు ముందు నిలబడ్డాను. అంట్లు అలాగే ఉన్నాయి, నీళ్ళు పోతూనే ఉన్నాయి. మరిది పేరు రాసి ఉంటే ఆ పిల్ల ఇవాళ మిషన్ ముందు కూర్చుని నా బుర్ర తినేసేది. నా పేరు మీద నాకెందుకంత ఆశ? తొమ్మిదేళ్ళు లేకుండా బతికినదాన్ని ఇంకో తొమ్మిదేళ్ళు బతకలేనా? అసలు నేనే లేకపోతే, రేపు పొద్దున వీళ్ళు ఎవరిని చూసి నువ్వున్నావుగా అంటారు? ఆ ఆలోచన చల్లగా, హాయిగా వచ్చి పక్కన నిలబడింది. దాని హాయికే భయమేసి పంపు కట్టేశాను. చెయ్యి తుడుచుకోకుండానే పర్సు తీసుకుని ఆఫీసుకి బయల్దేరాను. ఏమడగాలో కూడా తెలీదు. ఎవరో ఒకరు, నాకు సంబంధించని మనిషి, మాట్లాడితే చాలనిపించింది.

గుమాస్తా నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించింది. ఫైలు తీసి తిరగేసింది. అధ్యక్షుడు తప్పుకున్నా కోఆర్డినేటర్ తప్పుకోలేదు కాబట్టి దరఖాస్తు ఇంకా బతికే ఉందంది. గ్రాంటు వస్తుందని మాత్రం నేను చెప్పలేనంది. సగం కేంద్రాలకి ఈసారి కోత పడుతుందట.

"ఇన్‌స్పెక్షన్ నాటికి కేంద్రం నడుస్తూ ఉండాలి. నడుస్తోందా?" అని అడిగింది.

నేను పర్సు జిప్పు తీసి, మళ్ళీ వేశాను. ఆమె నా చేతుల వంక చూసి, చిరునామా మారితే ఈ కాగితం మీద రాసివ్వండి, పది రోజుల్లో ఎప్పుడైనా వస్తారు అని మెల్లగా చెప్పింది. కాగితం తీసుకుని మా ఇంటి చిరునామా రాశాను.

సోమవారం మా ఆయన బయటికి వెళ్ళాక, తనని చూడవచ్చిన వాళ్ళని ఆయన కూర్చోబెట్టే ముందు గదిలోంచి సోఫాలు వసారాలోకి లాగించాను. మిషన్లు లోపలికి వచ్చాయి. పదకొండు ఇళ్ళకీ ముందురోజే తిరిగి చెప్పొచ్చాను. అయిదుగురు వచ్చారు. వసపిట్ట రాలేదు, వచ్చే ఆదివారం ఫ్యాక్టరీ సెలవుకి చూద్దాంలే అంది వాళ్ళమ్మ. మిషన్ల చప్పుడుకి అత్తగారు లేచి, నా భోజనం ఎవరు పెడతారు అని కేకేశారు. పన్నెండున్నరకి మాకు విరామం, అప్పుడు పెడతాను అని చెప్పొచ్చాను. కాసేపు గొణుక్కుని ఊరుకున్నారు.

పదకొండింటికి మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. సోఫాలు ఉండాల్సిన చోట అయిదుగురు పిల్లలు తలలెత్తి చూశారు. పెడళ్ళు ఆగిపోయాయి.

"ఏంటిది? ఎవర్నడిగి చేశావ్? ఇటు రా, మాట్లాడాలి" అన్నాడు.

 చేతిలో ఉన్న గుడ్డ మీద సుద్దతో గీస్తున్న గీత పూర్తి చేసి, తలెత్తాను.

"నా పని అయిదింటికి అయిపోతుంది. అప్పుడు మాట్లాడదాం."